ఎన్.ఎస్.ఎస్.లో చేరాలా, ఎన్.సి.సి.లోనా, ఫెస్టు కమిటీలోనా?

తరగతులు మొదలైన మూడో వారానికల్లా కాలేజీ ఆవరణలో చెట్ల కింద బల్లలు వెలుస్తాయి. ఒక బల్ల మీద ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) ఫారాలు, పక్కనే ఇస్త్రీ చెదరని ఖాకీ బట్టల్లో ఇద్దరు ఎన్.సి.సి. (నేషనల్ క్యాడెట్ కోర్) క్యాడెట్లు, ఇంకాస్త అవతల స్పీకరు పెట్టుకుని డాన్స్ బృందం, ఆ హోరులో గొంతు చించుకుంటూ కోడింగ్ క్లబ్బు వాళ్లు. కొత్తగా చేరిన పిల్లలు బల్లబల్లకూ తిరిగి, అందిన ఫారమల్లా నింపుతారు. ఒక ఏడాది ఒకే అమ్మాయి ఏడు ఫారాలు నింపడం చూశాను. దసరా సెలవుల నాటికి ఆమె ఒక్కదానికీ రావడం లేదు. తప్పు ఆమెది కాదు. "చేరండి, సర్టిఫికెట్ వస్తుంది" అని ఏడు బల్లల దగ్గరా చెప్పారు గానీ, వారానికి ఎన్ని గంటలు పోతాయో, ఆదివారాలు రావాలో వద్దో, ఇంటికి ఎన్నింటికి చేరతారో ఎవరూ చెప్పలేదు.

నేను డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. మధ్యలో కొన్నేళ్లు ఎన్.ఎస్.ఎస్. ప్రోగ్రామ్ ఆఫీసరు బాధ్యత కూడా మోశాను. అందువల్ల నా తక్కెడ ఒక పక్కకు కాస్త మొగ్గి ఉంటుంది. అది దృష్టిలో పెట్టుకునే చదవండి. ఇన్నేళ్లలో నాకు తేలిందేమిటంటే, ఏ బృందం గొప్పదన్న ప్రశ్నకు జవాబు లేదు. మీరు రాని రోజున ఎక్కడ పని ఆగుతుందో అదే మీ బృందం. వచ్చినా రాకపోయినా ఒకటే అయిన చోట మీకు మిగిలేది ఒక టీషర్టు, ఒక గ్రూపు ఫొటో. ఈ కింది పోలికలన్నిటికీ నా కొలబద్ద ఇదే.

ముందు గంటల లెక్క

ఏ ఫారం మీదా సంతకం పెట్టకముందు ఒక కాగితం తీసుకుని మీ వారాన్ని గీయండి. హాస్టల్లో ఉండేవారికి సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా చేతిలో ఉంటుంది. పల్లె నుంచి బస్సులో వచ్చేవారికి ఆ మూడు గంటలు లేవు. అయిదుంబావు బస్సు తప్పితే తర్వాతది ఎప్పుడో ఆర్టీసీకే తెలియాలి. సాయంత్రం రిహార్సళ్లు ఉండే నాటక బృందం, రాత్రి దాకా సాగే ఫెస్టు (కాలేజీ ఉత్సవం) పనులు బస్సు పాసు మీద వచ్చేవారికి నప్పవు. వారికి మధ్యాహ్న విరామంలోనో, శనివారంనాడో పని జరిగే బృందాలు మేలు. ఇది మనసు చంపుకోవడం కాదు. చేరి మానేయడం కన్నా, కుదిరేదాంట్లో చేరి నిలబడటం మంచిదంటున్నాను.

రెండో లెక్క హాజరుది. చాలా విశ్వవిద్యాలయాల్లో పరీక్ష రాయడానికి 75 శాతం హాజరు తప్పనిసరి. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో 65 నుంచి 75 మధ్య ఉన్నవారికి సరైన కారణం చూపితే రుసుము కట్టించుకుని మినహాయింపు ఇచ్చే వీలుంది. 65 దిగువకు పడితే ఆ సెమిస్టరు పోయినట్టే. కార్యక్రమాలకు వెళ్లిన రోజులకు ఆన్ డ్యూటీ లేఖ ఇస్తామని అందరూ అంటారు. ఆ లేఖ మీద ఎవరు సంతకం చేయాలి, ఎన్ని రోజుల్లో విభాగానికి చేరాలి, దాన్ని హాజరుగా లెక్కిస్తారా, కేవలం కారణంగా రాసుకుంటారా అన్నది ముందే కనుక్కోండి. ఈ మూడో ప్రశ్న అడగకుండా వెళ్లి, సెమిస్టరు చివర విభాగాధిపతి గది ముందు బారులు తీరినవారిని ప్రతి ఏడాదీ చూస్తున్నాను.

ఎన్.ఎస్.ఎస్., ఎన్.సి.సి.: ఏది ఎవరికి

ఎక్కువమంది తికమక పడేది ఇక్కడే, పైగా రెండూ ఒకేసారి కుదరవు. ఎన్.సి.సి. క్యాడెట్‌గా ఉన్నవారిని ఎన్.ఎస్.ఎస్.లోకి తీసుకోరాదని నియమావళిలోనే ఉంది. కాబట్టి తేల్చుకోక తప్పదు.

రెంటి పుట్టుకలే వేరు. నేషనల్ క్యాడెట్ కోర్ 1948లో చట్టం ద్వారా వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, దేశ రక్షణ దృష్టిలో పెట్టుకుని ఏర్పరిచిన సంస్థ. జాతీయ సేవా పథకం 1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు. ఒకటి 'ఏకతా ఔర్ అనుశాసన్' (ఐక్యత, క్రమశిక్షణ) అంటుంది, ఇంకొకటి 'నేను కాదు, మీరు' అంటుంది. ఈ రెండు నినాదాలనూ పక్కపక్కన పెట్టి చదివితేనే సగం విషయం అర్థమైపోతుంది.

ఎన్.సి.సి.లో చేరాలంటే మొదటి సంవత్సరంలోనే చేరాలి. పరుగు, ఎత్తు, ఆరోగ్యం చూస్తారు. చేరాక పరేడ్ రోజు తెల్లవారకముందే లేవాలి. బూటుకు మెరుపు, బెల్టుకు బిగువు, టోపీకి సరైన వాలు ఉండాలి. సర్టిఫికెట్ పరీక్షకు కూర్చోవాలంటే పరేడ్లకు 75 శాతం హాజరు కావాలి. పది రోజుల వార్షిక శిక్షణ శిబిరానికి వెళ్లాలి. అక్కడ పళ్లెం, మగ్గు చేత్తో పట్టుకుని వరసలో నిలబడి అన్నం తెచ్చుకోవాలి. నేల మీద బోర్లా పడుకుని పాయింట్ టూ టూ రైఫిల్‌తో మొదటిసారి గురి చూసిన రోజును ఏ క్యాడెట్టూ మరచిపోడు. మా కాలేజీలో తరగతిలో నోరు విప్పని ఒక అమ్మాయి రెండో ఏడాదికి మైదానంలో "సావధాన్" అంటే మెట్ల మీద కూర్చున్న మేము కూడా ఉలిక్కిపడి నిటారుగా కూర్చునేవాళ్లం.

రెండేళ్లకు బి సర్టిఫికెట్, మూడో ఏడాది సి సర్టిఫికెట్. ఈ సి సర్టిఫికెట్ విలువ ఊరికే మాట వరసకు చెప్పేది కాదు. సైన్యంలో ఎన్.సి.సి. ప్రత్యేక ప్రవేశం అని ఒకటుంది. డిగ్రీలో 50 శాతం మార్కులు, సి సర్టిఫికెట్‌లో కనీసం బి గ్రేడు ఉండి, వయసు 19 నుంచి 25 మధ్య ఉన్న అవివాహితులు రాతపరీక్ష లేకుండా నేరుగా సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూకు వెళ్లవచ్చు. అమ్మాయిలకూ ఈ దారి తెరిచే ఉంది. ఎంపికైతే శిక్షణ చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో. సైన్యమో పోలీసు ఉద్యోగమో మనసులో ఉన్నవారు ఇంకేమీ ఆలోచించనక్కరలేదు, ఖాకీ వైపు వెళ్లండి. విశాఖపట్నం లాంటి తీర పట్టణాల్లో నౌకా విభాగం కూడా ఉంది. మీ కాలేజీలో ఏ విభాగం ఉందో చూసుకోండి.

ఎన్.ఎస్.ఎస్. లెక్క వేరు. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. ఈ రెండూ పూర్తయితేనే సర్టిఫికెట్. పరుగు పరీక్షలు లేవు, యూనిఫాం లేదు. కోణార్క్ రథచక్రం గుర్తున్న ఎర్రటి, నీలి రంగుల బ్యాడ్జి ఒకటి ఇస్తారు. ఆ చక్రానికి ఎనిమిది ఆకులు, అంటే రోజులోని ఎనిమిది జాములు. అన్ని వేళలా సేవకు సిద్ధమని అర్థం. (అర్ధరాత్రి శిబిరంలో ఎవరికో కడుపు నొప్పి వస్తే ఆ అర్థం ప్రోగ్రామ్ ఆఫీసరుకు బాగా బోధపడుతుంది.)

ఇక నిజాయితీగా చెప్పాల్సిన మాట. చాలాచోట్ల ఆ 120 గంటలు రిజిస్టర్లోనే ఉంటాయి. చీపుళ్లు పంచి, బ్యానరు కట్టి, ఫొటో దిగి, చీపుళ్లు లెక్కపెట్టుకుని వెనక్కి తీసుకునే కార్యక్రమాలకు కొదవలేదు. అటువంటి యూనిట్‌లో రెండేళ్లు గడిపినా చేతికి మట్టి అంటదు. మంచి యూనిట్‌ను ఏడు రోజుల శిబిరాన్ని బట్టే గుర్తుపట్టాలి. నిరుడు శిబిరానికి వెళ్లొచ్చిన సీనియర్‌ను "రాత్రిళ్లు ఎక్కడ పడుకున్నారు?" అని అడగండి. "ఊరి బడిలో" అంటే సరే. "సాయంత్రం బస్సులో వచ్చేసేవాళ్లం" అంటే ఆలోచించుకోండి.

మా శిబిరాల్లో నాకు బాగా గుర్తున్నది ఒక ఇంకుడు గుంత. మూడడుగుల లోతు తవ్వాలి. ఆరుగురు కుర్రాళ్లకు రెండు పూటలు పట్టినా సగమే అయింది; అరచేతులు బొబ్బలెక్కాయి. అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ చూస్తున్న ఆ ఇంటి పెద్దాయన ఇక ఓపిక పట్టలేక లేచి వచ్చాడు. "గునపాన్ని పొడవకు నాయనా, దాని బరువు మీద దాన్ని దిగనియ్యి" అని నాలుగు పోట్లు వేసి చూపించాడు. గంటలో మిగతా సగం అయిపోయింది. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ఇసుక ఏ వరసలో వేయాలో మా వాళ్లకు పుస్తకంలో చదివి తెలుసు, గునపం పట్టడం తెలియదు. ఆ సాయంత్రం నుంచి ఊరివాళ్లకు పాఠాలు చెప్పే ఉత్సాహం మా జట్టులో కాస్త తగ్గింది, ఇళ్ల ముందు కూర్చుని వినడం పెరిగింది. సర్వే కాగితాలు కూడా అప్పటి నుంచే సరిగ్గా నిండాయి.

గ్రూప్స్ పరీక్షలు, ఉపాధ్యాయ వృత్తి, సామాజిక శాస్త్రాల్లో పీజీ ఉద్దేశంలో ఉన్నవారికి ఈ అనుభవం పనికొస్తుంది. తెలంగాణలో పీజీ ప్రవేశాల సీపీగెట్‌లో ఎన్.సి.సి., క్రీడలతో పాటు ఎన్.ఎస్.ఎస్. కోటా కూడా ఉంది. కానీ కేవలం కోటా కోసమే అయితే ఏడు రోజులు బడి నేల మీద పడుకోవడం కష్టం.

కొన్ని కాలేజీలు ఉన్నత్ భారత్ అభియాన్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం కింద కనీసం అయిదు గ్రామాలను ఎంచుకుని పని చేస్తాయి. ఇంజినీరింగ్ చదివేవారికి ఇది ఎన్.ఎస్.ఎస్. కన్నా దగ్గరగా ఉంటుంది. నీటి పరీక్ష, వీధి దీపాలు, చిన్న యంత్రాల వంటి పనులు వస్తాయి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యార్థులకు మొదటి సంవత్సరం తర్వాత సామాజిక సేవా ప్రాజెక్టు చదువులో భాగంగానే ఉంది కాబట్టి, ఎన్.ఎస్.ఎస్. శిబిరం చేసిన ఊరినే దానికీ ఎంచుకుంటే ఊరివాళ్లు మిమ్మల్ని కొత్తవాళ్లలా చూడరు. రెండు పనులకూ ఒకే పరిచయం అక్కరకు వస్తుంది.

ఫెస్టు: వెళ్లడం వేరు, నడపడం వేరు

వరంగల్ ఎన్ఐటీలో టెక్నోజియాన్, స్ప్రింగ్ స్ప్రీ. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఫెలిసిటీ. హైదరాబాద్ ఐఐటీలో ఎలాన్ అండ్ ఎన్‌విజన్. బిట్స్ హైదరాబాద్‌లో ఆట్మోస్, పెర్ల్. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సుకూన్. పేర్లు వినగానే పిల్లల కళ్లు మెరుస్తాయి. వీటికి పోటీదారులుగా వెళ్లడం మంచిదే. ఏడాదికి ఒకటి చాలు. రానుపోను ఛార్జీలు, ప్రవేశ రుసుము, బస ఖర్చు కలిపి ముందే లెక్క వేసుకోండి. నలుగురు కలిసి వెళ్తే భారం తగ్గుతుంది. పెద్ద పేరున్న ఫెస్టులో ఇరవై పోటీలకు పేరిచ్చి అన్నింటా మొదటి రౌండులోనే వెనుదిరగడం కన్నా, ఒక్కదానికి రెండు నెలలు సిద్ధపడి వెళ్లడం నా సలహా.

నిజమైన చదువు మాత్రం మీ సొంత కాలేజీ ఫెస్టును నడపడంలో ఉంది. ఎంత చిన్నదైనా సరే. అక్కడ కూడా ఏ కమిటీ అన్నది ముఖ్యం. అందరూ వేదిక కమిటీ కోసం ఎగబడతారు, ఎందుకంటే మైకు పట్టుకోవచ్చు, ముఖ్య అతిథి పక్కన నిలబడవచ్చు. నన్నడిగితే మూడు కమిటీలు మిగతా వాటిని మించినవి: స్పాన్సర్లు, లెక్కలు, భోజనాలు.

స్పాన్సర్ల కమిటీలో ఉంటే ఊళ్లోని బట్టల దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, ద్విచక్ర వాహనాల షోరూములు తిరుగుతారు. పది మంది కాదంటారు. పదకొండో ఆయన "బ్యానరు ఎక్కడ కడతారు? గేటు బయటా, లోపలా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా వెళ్లినవాడు రెండోసారి ప్లానుతో వెళ్తాడు. లెక్కల కమిటీలో ఉంటే జనరేటరు డీజిలు, షామియానా అడ్వాన్సు, టీ కొట్టు బాకీ అన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కించాలి. రసీదు లేని 300 రూపాయలు ఎక్కడ పోయాయో తేలేదాకా నిద్ర పట్టదు. భోజనాల కమిటీవాళ్లకు 400 మంది వస్తారంటే ఎంతమందికి వండించాలో తెలిసిపోతుంది. ఇది ఏ తరగతిలోనూ చెప్పరు.

ఒకసారి ఓ కాలేజీ ఫెస్టుకు న్యాయనిర్ణేతగా వెళ్లాను. కార్యక్రమం బ్రహ్మాండంగా జరిగింది. బహుమతులు ఇచ్చేటప్పుడు చూస్తే సర్టిఫికెట్లలో సగం పేర్లు తప్పులు. మొదటి బహుమతి పొందిన అబ్బాయి తన పేరు కాని పేరున్న కాగితం పట్టుకుని ఫొటోకు నవ్వాడు. వేదిక మీద పూలకు బోలెడు ఖర్చు పెట్టారు, పేర్ల జాబితా ఒకసారి సరిచూసే పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. కమిటీలో చేరితే ఎవరూ కోరని ఇటువంటి పని ఒకటి అడిగి తీసుకోండి. మీరు రాకపోతే ఆగేది అదే.

ఫెస్టు పని లోపం కూడా చెప్పాలి. అది మూడు వారాల ఉధృతి. ఆ మూడు వారాలు చదువు మూలపడుతుంది. ఇంటర్నల్ పరీక్షల తేదీలతో ఢీకొడితే ఏది వదులుకోవాలో ముందే నిర్ణయించుకోండి. బ్యాక్‌లాగులు ఉన్నవారు ఆ సెమిస్టరుకు ప్రేక్షకుల్లో కూర్చోవడమే క్షేమం.

సాంకేతిక క్లబ్బులు

వీటి గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే వీటిలో తేడా క్లబ్బు పేరులో ఉండదు. ఇంజినీర్ల సంఘమైన ఐ ట్రిపుల్ ఈ విద్యార్థి శాఖ, సాంకేతిక విద్యా సంఘమైన ఐ.ఎస్.టి.ఈ. శాఖ, కోడింగ్ క్లబ్బు, రోబోటిక్స్ క్లబ్బు... సభ్యత్వ రుసుము కట్టేముందు ఒక్కటి చూడండి: గత ఏడాది వాళ్లు తయారు చేసిన వస్తువో, ప్రోగ్రామో ఒకటి పనిచేస్తూ కనిపించాలి. అతిథి ఉపన్యాసాల ఫొటోలు మాత్రమే చూపిస్తే ఆ డబ్బు మిగుల్చుకోండి.

పోటీల్లో స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ మీద పెట్టిన సమయం వృథా పోదు. 2017లో మొదలైంది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, సంస్థలు ఇచ్చే నిజమైన సమస్యలకు పరిష్కారం చూపాలి. జట్టుకు ఆరుగురు, అందులో కనీసం ఒక అమ్మాయి ఉండాలి. ముందు సొంత కాలేజీలో జరిగే వడపోత దాటాలి. తుది పోరు సాఫ్ట్‌వేర్ విభాగంలో 36 గంటలు ఏకబిగిన సాగుతుంది. 'కనీసం ఒక అమ్మాయి' నియమం కోసం చివరి నిమిషంలో ఒక పేరు రాసుకుని, ఆమెకు స్లైడ్లు చేసే పని అప్పజెప్పే జట్లు చాలా ఉంటాయి. అమ్మాయిలూ, పిలుపు రాగానే "నాకు ఏ భాగం ఇస్తారు?" అని అడగండి. జవాబు నసిగితే మీరే జట్టు కట్టండి.

రంగస్థలం, సంగీతం, మైదానం

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఒకప్పుడు రిజిస్ట్రారు కె.వి. గోపాలస్వామి నాయుడు, గ్రంథాలయాధికారి అబ్బూరి రామకృష్ణారావు నాటకాన్ని భుజాన వేసుకున్నారు. ఫైళ్లు చూసే రిజిస్ట్రారు, పుస్తకాలు చూసే లైబ్రేరియన్! కాలేజీల మధ్య నాటక పోటీలంటే ఊళ్లోవాళ్లు కూడా వచ్చి కూర్చునే రోజులవి. ఇప్పుడు ఆ వైభవం లేకపోయినా దారి మూసుకుపోలేదు. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే యువజనోత్సవాలు ఉన్నాయి; ముందు కాలేజీ స్థాయి, తర్వాత విశ్వవిద్యాలయ జట్టు, ఆపైన దక్షిణ మండలం, చివరికి జాతీయ స్థాయి. ఏకాంకిక, స్కిట్, మైమ్, మిమిక్రీ, వక్తృత్వం, క్విజ్, కార్టూన్, మట్టిబొమ్మలు, రంగోలి కూడా పోటీలే. ముగ్గు బాగా వేసే అమ్మాయికి అది విశ్వవిద్యాలయం తరఫున ప్రయాణం కట్టించగల విద్య అని తెలియక ఇంటి ముందుకే పరిమితం చేయడం ఎన్నోసార్లు చూశాను.

డాన్స్ బృందానికీ నాటక బృందానికీ మధ్య ఊగిసలాడేవారికి నా ఓటు నాటకానికే. డాన్స్‌లో వెనక వరసలో ఒకరు తగ్గితే సర్దుకుంటారు, నాటకంలో పనిమనిషి వేషం వేసేవాడు రాకపోయినా తెర లేవదు. నేను చెప్పిన కొలబద్ద ఇంత స్పష్టంగా కనిపించే చోటు మరొకటి లేదు. పైగా మూడు నెలల పాటు ఒకే వాక్యాన్ని వంద రకాలుగా పలికిన వాడికి ఇంటర్వ్యూలో గొంతు వణకదు.

పాడటం, ఆడటం రాదు, వినడం ఇష్టం అంటారా? స్పిక్ మెకే అనే సంస్థ ఉంది. ఐఐటీ ఢిల్లీ ఆచార్యులు కిరణ్ సేథ్ 1977లో మొదలుపెట్టారు. పెద్ద పెద్ద శాస్త్రీయ సంగీత, నృత్య కళాకారులు కాలేజీలకే వచ్చి కచేరీలు చేస్తారు, టికెట్టు ఉండదు. కళాకారుడిని రైల్వే స్టేషన్ నుంచి తీసుకురావడం, తంబురా కోసం జంపఖానా పరవడం, కచేరీ అయ్యాక అన్నం వడ్డించడం విద్యార్థి వాలంటీర్ల పనే. ఒక విద్వాంసుడి పక్కన ఆటోలో అరగంట కూర్చోవడానికి ఇంకెక్కడా వీలు దొరకదు.

ఆటల సంగతి ఒక్క ముక్కలో: మీరు ఇప్పటికే జిల్లా స్థాయిలో ఆడినవారైతే అంతర్ విశ్వవిద్యాలయ ఎంపికల తేదీలు కనుక్కోండి, మిగతావన్నీ పక్కన పెట్టండి. కాకపోతే సాయంత్రం మైదానానికి వెళ్లి ఆడుకోండి, దానికి ఫారం అక్కరలేదు. ఆగస్టు 29న మాత్రం చిక్కొస్తుంది. గిడుగు రామమూర్తి పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం, ధ్యాన్‌చంద్ పుట్టినరోజున జాతీయ క్రీడా దినోత్సవం, రెండూ ఆ రోజే. తెలుగు శాఖ వాళ్లు సెమినార్ హాలులో, వ్యాయామ శాఖ వాళ్లు మైదానంలో ఒకే పిల్లల కోసం చూస్తుంటారు. వ్యాస రచన పొద్దున, కబడ్డీ సాయంత్రం పెట్టమని ప్రతి ఏడూ అడుగుతాను, ఎవరూ వినరు.

కాలేజీతో సంబంధం లేని ఊరివారికి

విశ్వవిద్యాలయం పక్కనే ముప్ఫై ఏళ్లుగా ఉంటూ గేటు లోపలికి ఎప్పుడూ అడుగుపెట్టని కుటుంబాలు నాకు తెలుసు. "మనల్ని రానిస్తారా?" అని అనుమానం. చాలా కార్యక్రమాలకు రానిస్తారు. ఏ కార్యక్రమానికి వెళ్లాలన్నది ఇంట్లో ఎవరు ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

బడి పిల్లలు ఉంటే ఫిబ్రవరి 28, జాతీయ విజ్ఞాన దినోత్సవం వదలకండి. 1928లో సి.వి. రామన్ తన ఆవిష్కరణను ప్రకటించిన రోజు. ప్రయోగశాలల్లో పిల్లలు తాకి చూసే ప్రదర్శనలు పెడతారు. హైదరాబాద్ వారికి ఇంకొక తేదీ కూడా ఉంది: సెప్టెంబరు 26, కేంద్ర శాస్త్ర పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్. వ్యవస్థాపక దినం. ఆ సందర్భంగా దాని కింద పనిచేసే సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) వంటి పరిశోధనశాలలు సందర్శకులకు తలుపులు తెరుస్తాయి. ఫెస్టు హడావుడికి చిన్నపిల్లలను తీసుకెళ్లకండి. శబ్దం తప్ప వారికి ఏమీ మిగలదు.

పెద్దవారు ఉంటే సాహిత్య సభలు, స్మారకోపన్యాసాలు బాగుంటాయి. ప్రకటించిన సమయానికి ఓ అరగంట ఆలస్యంగా వెళ్లినా జ్యోతి ప్రజ్వలనకు అందుకుంటారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం నడిపే బోల్ హైదరాబాద్ 90.4 లాంటి సామాజిక రేడియోలో చుట్టుపక్కలవారి గొంతులకూ చోటుంటుంది. చెప్పుకోదగ్గ విద్య ఏదైనా చేతిలో ఉంటే వెళ్లి అడగండి.

రక్తదాన శిబిరాలు విద్యార్థులకూ ఊరివారికీ ఉమ్మడివి. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవారు 90 రోజులకు, ఆడవారు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు. పదిహేడేళ్లకే డిగ్రీలో చేరిన పిల్లలు ఉత్సాహంగా వచ్చి వరసలో నిలబడతారు. వాళ్లను వెనక్కి పంపకుండా పేర్లు రాసే బల్ల దగ్గరో, పళ్లరసం అందించే చోటో నిలబెట్టాలి. మరుసటి ఏడాది వాళ్లే మొదట వస్తారు.

ఫారం నింపేముందు

సీనియర్లను "ఎలా ఉంటుంది?" అని అడిగితే "సూపర్" అంటారు, అది సమాచారం కాదు. పోయిన నెలలో ఎన్నిసార్లు కలిశారు, మొదట చేరిన నలభైమందిలో ఇప్పుడు ఎంతమంది వస్తున్నారు, మొదటి సంవత్సరం వాళ్లకు ఏ పని అప్పగించారు అని అడగండి. మూడో ప్రశ్నకు "కుర్చీలు మోయించాం" అని నవ్వుతూ చెప్పినా కంగారుపడకండి. ఏ పనీ లేదన్న దానికన్నా కుర్చీలు నయం.

ఒకటి పెద్దది, ఒకటి చిన్నది పెట్టుకోండి. పెద్దదంటే రెండు మూడేళ్లు సాగేది: ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్., నాటకం, ఆట, వీటిలో ఏదో ఒకటి. చిన్నదంటే ఏడాదికి ఒకసారి వచ్చిపోయేది: ఫెస్టు కమిటీ, హ్యాకథాన్, కచేరీ వాలంటీరు. రెండు పెద్దవి పెట్టుకున్నవారు మూడో సెమిస్టరులో ఒకటి వదిలేస్తారు. బీటెక్ వారు తమ కాలేజీలో ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) యాక్టివిటీ పాయింట్లు అమలు చేస్తున్నారేమో కనుక్కోవాలి. నాలుగేళ్లకు 100, లేటరల్ ఎంట్రీ వారికి (నేరుగా రెండో ఏడాదిలో చేరేవారికి) 75 పాయింట్లు. వాటిని చివరి సెమిస్టరుకు మిగుల్చుకుంటే వారాంతాలన్నీ దానికే పోతాయి.

ఆ ఏడు ఫారాల అమ్మాయి రెండో ఏడాది మళ్లీ బల్లల దగ్గర కనిపించింది. "సార్, ఈసారి ఒక్కటే" అంది. ఏది అని అడిగితే నా బల్ల దాటుకుని వెళ్లి లెక్కల కమిటీలో పేరు రాయించుకుంది. ఫెస్టు అయిపోయిన మూడో రోజు మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర పుస్తకం తెరుచుకుని, 184 టీలా 148 టీలా అని కొట్టు యజమానితో వాదిస్తూ ఉంది. నన్ను చూసి తల ఊపింది గానీ లేవలేదు.